చనుమొన దగ్గర రెండు నెలలుగా మానని దురద: క్రీమ్ రాస్తే సరిపోతుందా?

కుడివైపు చనుమొన మీద రెండు నెలలుగా దురద, పొట్టు రాలడం, క్రీమ్ రాస్తే తగ్గి మళ్ళీ రావడం, "గడ్డ మాత్రం ఏమీ తగలడం లేదు" అని మీరు రాశారు. ఆ చివరి మాట చదవగానే మా అక్క గుర్తొచ్చింది. తనూ అదే మాట పట్టుకుని ఏడు నెలలు గడిపేసింది.

అక్కకూ ఒక్కవైపే. ఎప్పుడైనా బట్టలకు చిన్న రక్తపు మరక. మొదట చూసిన డాక్టర్ ఎగ్జిమా (దురదతో పొట్టు రాలే చర్మ సమస్య) అని ఆయింట్‌మెంట్ ఇచ్చారు. రాసినన్నాళ్ళూ ఎర్రదనం తగ్గేది, ఆపితే మళ్ళీ మొదలు. మమ్మల్ని మోసం చేసింది ఆ తగ్గడమే. చివరికి ఇంకో డాక్టర్ చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపితే పేజెట్స్ డిసీజ్ అని, అంటే చనుమొన చర్మంలో వచ్చే ఒక రకం క్యాన్సర్ అని తేలింది. జేమ్స్ పేజెట్ అనే సర్జన్ 1874లోనే రాసిపెట్టిన జబ్బు, మేం పేరైనా వినలేదు. ఇది ఉన్న చాలామందికి లోపల పాలనాళాల్లో కూడా క్యాన్సర్ ఉంటుంది. అక్కకూ ఉంది, చేతికి అందేంత గడ్డ కాదు, అంతే.

ఆ డాక్టర్ చెప్పిన తేడా ఏమిటంటే, ఎగ్జిమా ఎక్కువగా రెండువైపులా వస్తుంది, చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయంలో మొదలవుతుంది. పేజెట్స్ సాధారణంగా ఒకవైపే వస్తుంది, మొనలోనే మొదలై బయటికి పాకుతుంది. కానీ కంటితో చూసి తేల్చేయలేం, అందుకే బయాప్సీ.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్తాను. రొమ్ము కొద్ది వారాల్లోనే ఎర్రబడి, వాచి, చర్మం నారింజ తొక్కలా మారితే అస్సలు ఆగకూడదు, అది ఇంకో రకం రొమ్ము క్యాన్సర్ కావచ్చు. క్యాన్సర్ కణాలు చర్మంలోని సన్నని లింఫ్ నాళాలను (ఒంట్లోని అదనపు నీటిని తీసుకెళ్ళేవి) మూసేస్తే నీరు చేరి అలా అవుతుంది. దాన్ని ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్స్ ఇస్తుంటారు. వారం, పది రోజుల్లో తగ్గకపోతే మళ్ళీ వెళ్ళాల్సిందే. కొత్తగా సొట్ట పడినా, చనుమొన లోపలికి లాక్కుపోయినా అంతే.

మీది ఉత్త ఎగ్జిమానే కావచ్చు, ఇప్పుడే టెన్షన్ పడకండి. కానీ రెండు నెలలు క్రీమ్ వాడి చూశారు, ఇక చాలు. బ్రెస్ట్ సర్జన్‌ని కలిసి "బయాప్సీ అవసరమా?" అని మొహమాటం లేకుండా అడగండి. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) నార్మల్ వచ్చినా అడగండి, అక్కకు మొదటిసారి అందులో ఏమీ కనిపించలేదు. ఎర్రగా ఉన్న రోజున ఫోటో తీసి పెట్టుకోండి. మీరు వెళ్ళే రోజుకి క్రీమ్ వల్ల అది తగ్గిపోయి ఉంటే డాక్టర్‌కి చూపించడానికి అదే పనికొస్తుంది.