సౌర పవనం శక్తి భూమి అయస్కాంత కవచంలోకి ఎలా వస్తుంది?

ప్రశ్న: భూమి అయస్కాంత క్షేత్రం సౌర పవనాన్ని, అంటే సూర్యుడి నుంచి నిరంతరం వీచే కణాల ప్రవాహాన్ని, పక్కకు మళ్లిస్తుందంటారు. మరి అయస్కాంత తుపానులకు, అంటే ఆ క్షేత్రంలో రేగే పెద్ద అలజడులకు, శక్తి ఎక్కడిది? పవనం చాలా వేగంగా ఉన్న రోజున కూడా ఒక్కోసారి తుపాను రాదెందుకు?

జవాబు: మళ్లించడం నిజమే. సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో వచ్చే ప్లాస్మాలో (విద్యుదావేశమున్న కణాల వాయువులో) ఎక్కువ భాగం, పగటివైపు 60–70 వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న మాగ్నెటోపాజ్ అనే సరిహద్దును చుట్టి పోతుంది. అయితే అది సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని కూడా మోసుకొస్తుంది. భూమి పరిసరాల్లో దాని బలం మామూలుగా 5 నానోటెస్లాలే. అసలు సంగతి బలంలో లేదు, దిశలో ఉంది.

పగటివైపు సరిహద్దులో భూమి బలరేఖలు ఉత్తరానికి చూస్తాయి. వచ్చే క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటే, రెండింటి మధ్య పలుచని విద్యుత్ ప్రవాహపు పొర ఏర్పడుతుంది. అందులో రేఖలు తెగి, ఇటువి అటువాటితో అతుక్కుంటాయి. ఇదే రీకనెక్షన్. భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ డంజీ 1961లో ప్రతిపాదించిన ఈ ప్రక్రియను, ఎలక్ట్రాన్ల స్థాయిలో 2015లో నాసా ఎంఎంఎస్ ఉపగ్రహాలు నాలుగూ కలిసి కొలిచాయి. ఎంత అందమైన కొలతో!

అతుక్కున్న రేఖకు ఒక కొస ధ్రువప్రాంతంలో, రెండోది సౌర పవనంలో ఉంటుంది. పవనం దాన్ని వెనక్కి ఈడ్చుకుపోయి రాత్రివైపు తోకలో పోగేస్తుంది. ఆ ఈడ్పులో పవనం కోల్పోయే గతిశక్తే సాగిన క్షేత్రంలో నిల్వ అవుతుంది. శక్తి రాకలో ముఖ్యమైన దారి ఇదే. కణాలు నేరుగా చొరబడి తెచ్చేది దీని ముందు స్వల్పం. నిల్వ పెరిగాక తోకలో రీకనెక్షన్ జరిగి, వేడి ప్లాస్మా భూమివైపు దూసుకొస్తుంది. అరోరాలు (ధ్రువకాంతులు) వెలిగేదీ, భూమి చుట్టూ వలయంలా తిరిగే విద్యుత్ ప్రవాహం బలపడేదీ అప్పుడే.

ఇక రెండో ప్రశ్న. వేగాన్ని దక్షిణ దిశలోని క్షేత్రంతో గుణించి చూడండి. 400 కిలోమీటర్లు, 5 నానోటెస్లాలు అయితే మీటరుకు 2 మిల్లీవోల్టుల విద్యుత్ క్షేత్రం వస్తుంది. శక్తి ఎంత జోరుగా లోపలికి వస్తుందో చెప్పేది ఇదే. అదే క్షేత్రం ఉత్తరానికి తిరిగితే, వేగం 800 అయినా ఈ దారి దాదాపు మూసుకుంటుంది. కవచం నొక్కుకుపోతుంది, నేలమీది మాగ్నెటోమీటర్ల (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరాల) రీడింగులు ఒక్కసారి ఎగురుతాయి, అంతే. కరోనా రంధ్రాల (సూర్యుడి బయటి వాతావరణంలో క్షేత్రరేఖలు అంతరిక్షంలోకి తెరుచుకుని ఉండే చోట్ల) నుంచి వచ్చే వేగవంతమైన పవనంలో దిశ తరచూ అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి, రోజుల తరబడి చిన్న అలజడులు కలిగినా పెద్ద తుపాను అరుదు.

గ్రాఫులు చూసేవారు జీఎస్ఎమ్ అనే నిరూపక వ్యవస్థలోని బీజెడ్‌నే (క్షేత్రపు ఉత్తర-దక్షిణ భాగాన్నే; దక్షిణమైతే మైనస్) చూడాలి, ఎందుకంటే ఆ వ్యవస్థ భూమి అయస్కాంత అక్షం వంపును లెక్కలోకి తీసుకుంటుంది. బీజెడ్ మైనస్ 10 నానోటెస్లాలు, లేదా అంతకన్నా కిందికి, మూడు గంటలపాటు నిలిస్తే తీవ్రమైన తుపానుకు సిద్ధపడవచ్చు. సూర్యుడి చిత్రాల నుంచి ఈ దిశను నమ్మకంగా చెప్పడం ఇంకా సాధ్యం కాలేదు. భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఉపగ్రహాలు కాపలా ఉండే ఎల్1 బిందువు వద్ద కొలిస్తేనే తెలుస్తుంది. 400 వేగంతో అక్కడి నుంచి మనకు దొరికే వ్యవధి గంట, 800 అయితే అరగంట.