ఫీజు లేని కాలేజీకి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

కందుకూరు దగ్గర పొగాకు పండించే ఒక తండ్రి, ఇంటర్ చదువుతున్న తన కూతురు అమెరికాలోని బెరియా కాలేజీకి దరఖాస్తు చేస్తానంటోందని, ట్యూషన్ ఫీజు లేకుండా అంత చదువు ఎవరైనా ఊరికే చెబుతారా అని అడిగారు. అనుమానం సబబే అయినా, అమ్మాయి చెప్పినది నిజం.

1855లో కెంటకీ రాష్ట్రంలో మొదలైన ఆ కాలేజీ 1892 నుంచి ట్యూషన్ వసూలు చేయడం లేదు. మన ఊళ్లలో దేవుడి మాన్యాన్ని అమ్మకుండా దానిమీద వచ్చే కౌలుతోనే ధూపదీప నైవేద్యాలు జరిపినట్లు, అక్కడ ఒక శాశ్వత నిధి అసలును కాపాడుకుంటూ రాబడిలో కొంత భాగాన్ని ఏటా చదువులకు ఖర్చు చేస్తారు. ఫలానా పనికని చెప్పకుండా వీలునామాల ద్వారా వచ్చే సొమ్మంతా ఆ నిధిలోనే కలపాలని పాలకమండలి 1920లో తీర్మానించింది. ఇప్పుడది వంద కోట్ల డాలర్లు దాటింది. చదువుల ఖర్చులో తక్కినది దాతల విరాళాలు, ప్రభుత్వ గ్రాంటుల నుంచి వస్తుంది. పేద విద్యార్థులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు వంటివి అమెరికా పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవారికీ తప్ప మన పిల్లలకు రావు.

విద్యార్థి వంతు శ్రమ. ప్రతి ఒక్కరూ వారానికి కనీసం 10 గంటలు కాలేజీ అప్పగించిన పని, అది లైబ్రరీలో కావచ్చు, పొలంలో కావచ్చు, మగ్గం మీదనో చీపుర్లు కట్టే చోటనో కావచ్చు, జీతం తీసుకుని చేయాలి. చదువుకునే పిల్లకు ఈ పనులేమిటని నొచ్చుకోవద్దు. నాకు ఆ కాలేజీలో అన్నిటికంటే నచ్చినది ఇదే.

విదేశీ విద్యార్థులకు సీట్లు చాలా తక్కువ. సీటు వస్తే మొదటి ఏడాది ట్యూషన్‌తోపాటు బస, భోజనం ఖర్చులకూ సాయం అందుతుంది. తరువాతి ఏళ్లలో కొంత భాగం అమ్మాయి తన సంపాదనలోనుంచి కట్టుకోవాలి. ఎవరైనా మధ్యవర్తి ఫ్రీ సీటు ఇప్పిస్తానని డబ్బు అడిగితే పైసా ఇవ్వకండి, దరఖాస్తుకు ఆ కాలేజీయే రుసుము తీసుకోదు. ఇక్కడ అమెరికాలో స్థిరపడి మంచి జీతాలు తెచ్చుకుంటున్న మావంటివారి పిల్లలకు అందులో చోటు దొరకదు, ఎందుకంటే స్తోమత లేనివారినే చేర్చుకుంటారు. పొగాకు వేలంలో వచ్చిన డబ్బు లెక్కలు, బ్యాంకు పాస్‌బుక్కు, తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం ఇప్పటినుంచే జాగ్రత్త చేసుకోండి.