గీజర్ సంగతి జనవరిలో తెలిస్తే లాభం లేదు

జయపురం నుంచి ఒక పాఠకుడు రాశారు. సునాబెడలో ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చే జీతం 58 వేలు, ఇంటి ఖర్చు 26 వేలు, ఇద్దరు పిల్లలు. సెమిలిగుడలో పన్నెండేళ్ల పాత ఇల్లు ఒకటి 30 లక్షలకు చూశారు. బ్యాంకు 24 లక్షలు ఇస్తానంది, సొంతానికి 6.2 లక్షలు ఉన్నాయి. "సార్, డాబా మీద సోలార్ హీటరు, రెండు బాత్రూముల్లో గీజర్లు ఉన్నాయని ఓనర్ ఇంకో 60 వేలు అడుగుతున్నారు. చలి ఊరు కదా, ఉంటే మంచిదే అనిపిస్తోంది. రిజిస్ట్రేషన్ ఖర్చులతో కలిపి తగ్గిన రెండున్నర లక్షలకి పర్సనల్ లోన్ తీసుకోనా, మా ఆవిడ బంగారం పెట్టనా?" ఇదీ ప్రశ్న.

రెండూ వద్దండీ.

ఇలాంటి ఉత్తరాలు నాకు నెలకి నాలుగైనా వస్తాయి, అన్నిట్లోనూ తప్పు ఒక్కటే. ఉన్న ప్రతి రూపాయీ ఊడ్చి రిజిస్ట్రేషన్ రోజున పెట్టేస్తారు, చాలనిదానికి అప్పు చేస్తారు, మర్నాడు ఖాతాలో సున్నా. మీ లెక్కే చూడండి. హోమ్ లోన్ 8.5 శాతానికి ఇరవై ఏళ్లంటే ఈఎంఐ 20,800. పర్సనల్ లోన్ 15 శాతానికి మూడేళ్లంటే ఇంకో 8,700 దాకా. ఇంటి ఖర్చు పోగా నెలకి మిగిలేది రెండున్నర వేలు! పిల్లల స్కూలు ఫీజు ఆ 26 వేలలో ఉందో లేదో మీరు రాయనే లేదు. పైగా హోమ్ లోన్ డబ్బు చేతికి రాకముందే పర్సనల్ లోన్ తీసుకుంటే అది సిబిల్‌లో, అంటే మీ అప్పుల చరిత్ర రికార్డులో, కనిపిస్తుంది, బ్యాంకు ఆ 24 లక్షల్లోనూ కోత పెట్టొచ్చు.

అత్యవసర నిధి ఎందుకని అడిగేవాళ్లకి నా కథే చెప్తాను. ఎనిమిదేళ్ల కిందట కొరాపుట్‌లో పాత ఇల్లు కొన్నాను, ఇలాగే ఊడ్చిపెట్టి. మొదటి జనవరిలో ఒక తెల్లవారుజామున గీజర్ స్విచ్ వేస్తే ప్లాస్టిక్ కాలిన వాసన. బోర్డు విప్పి చూస్తే రెండు వేల వాట్ల గీజర్‌ని ఆరు ఆంపియర్ల ప్లగ్గుకి తగిలించి ఉంది, వెనక వైరు నల్లగా మాడి పట్టుకుంటే పొడి రాలింది, ఎర్త్ వైరు అసలు లేదు. వైరింగ్ మార్చడానికి 38 వేలు అయింది. చేతిలో డబ్బు లేక నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. ఆర్థిక సలహాలిచ్చే మనిషిని, నేను!

అందుకని ఆ ఇంటికి పొద్దున్నే ఆరింటికి వెళ్లండి. సాయంత్రం వెళ్తే ఏ సోలార్ అయినా వేడినీళ్లే ఇస్తుంది. నిన్నటి ఎండకి కాగిన నీళ్లు తెల్లారేదాకా వేడిగా ఉన్నాయా లేదా అన్నదే పరీక్ష, గోరువెచ్చగా వస్తే ట్యాంకు ఇన్సులేషన్ పోయినట్టే. సోలార్ ట్యాంకులోని కరెంటు కాయిల్ స్విచ్ ముందే వేసి ఉంచారేమో కూడా చూసుకోండి. మన దగ్గర వానాకాలమంతా మబ్బే, చలికాలం పొద్దెక్కేదాకా మంచే, కాబట్టి ఆ కాయిల్ పనిచేయకపోతే డాబా మీద ఉన్నది అలంకారమే. గాజు గొట్టాల్లో ఏదన్నా లోపల తెల్లగా మారిందంటే అది పాడైనట్టు. గీజర్ కింద తుప్పు చార, సేఫ్టీ వాల్వ్ దగ్గర చెమ్మ, రేటింగ్ ప్లేటు మీద తయారీ సంవత్సరం, ప్లగ్గు పదహారు ఆంపియర్లదేనా, మెయిన్ బోర్డులో షాక్ కొడితే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ ఉందా, ఇవి చూడ్డానికి తెలిసిన ఎలక్ట్రీషియన్ని వెంట తీసుకెళ్లండి, ఐదొందలిస్తే వస్తాడు. గ్యాస్ గీజరైతే మాత్రం బాత్రూములో గాలి ఆడే దారి లేకుంటే దాన్ని పీకించేయండి, కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోయిన ఇళ్లున్నాయి.

ఇక ఆ 60 వేలు. పదిహేను లీటర్ల కొత్త గీజరే ఏడెనిమిది వేలకి వస్తుంటే వాడేసిన సామానుకి అంత ఎందుకివ్వాలి? ఎలక్ట్రీషియన్ చెప్పిన లోపాలు కాగితం మీద రాసుకుని బేరానికి కూర్చోండి, అడిగినవారే దిగొస్తారు. దిగకపోతే సామాను విప్పుకుని పొమ్మనండి.

రిజిస్ట్రేషన్ మీ ఆవిడ పేర పెట్టండి. ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవాళ్లకి 5 శాతం, ఆడవాళ్లకి 4, అక్కడే 30 వేలు మిగులుతాయి. ఫీజు 2 శాతం ఎలాగూ తప్పదు. తర్వాత బ్యాంకుతో మాట్లాడండి. 30 లక్షల లోపు హోమ్ లోన్‌కి ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకుంటాయి. వాళ్లు 27 లక్షలు ఇస్తే మీ చేతి నుంచి రిజిస్ట్రేషన్‌తో కలిపి 4.8 లక్షలే పోతాయి, 1.4 లక్షలు మిగులుతాయి. ఈఎంఐ 23,400 అవుతుంది, నెలకి ఎనిమిది వేల పైన మిగులుతుంది, అదంతా నెలనెలా కట్టే ఆర్డీ డిపాజిట్‌లో వేసి ఆరు నెలల ఖర్చూ ఈఎంఐలూ కలిపి మూడు లక్షలు అయ్యేదాకా ముట్టకండి. బ్యాంకు ఇవ్వనంటే ఈ ఇల్లు ఇప్పటికి మీది కాదు, ఏడాది ఆగండి. పీఎఫ్ జోలికి పోకండి. టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేకుంటే లోన్‌కి ముందే తీసుకోండి.

ఒక్క మాట, మనది షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల భూములకి ప్రత్యేక రక్షణ ఉన్నచోటు. ఆ స్థలం పాత పట్టా ఎవరి పేర ఉందో తవ్వి చూడండి. గిరిజనుల భూమి అయితే ఒడిశా 1956 రెగ్యులేషన్ ప్రకారం గిరిజనేతరులకి అమ్మడం చెల్లదు, అప్పుడు గీజర్ గొడవే అక్కర్లేదు.

అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదని రాశారు. ఎలక్ట్రీషియన్ చూసి వచ్చేదాకా ఇవ్వకండి, ఓనర్ "ఇంకో పార్టీ వస్తోంది" అన్నా సరే.