ఇంట్లో శనగలు ఉండగా రాజ్మా ఎందుకమ్మా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు దగ్గర పల్లె. నా వయసు 48. ఏడాదిగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. బీన్స్ గింజలు మంచివని విని ఒంగోలు నుంచి రాజ్మా తెప్పించుకున్నాను. తిన్న రోజు కడుపు ఉబ్బరిస్తోంది. వాతం చేస్తుంది, మోకాళ్ల నొప్పులు పెరుగుతాయి, వద్దని మా అత్తగారు అంటున్నారు. మానేయమంటారా?

జవాబు: మానవద్దమ్మా. కానీ రాజ్మా కోసం ఒంగోలు దాకా పోనక్కరలేదు. మీ నల్లరేగడిలో పండే శనగలు దానికి ఏ విధంగానూ తీసిపోవు. ఎండు గింజలు 100 గ్రాములు తీసుకుంటే రెండింటిలోనూ మాంసకృత్తులు సుమారు 20 గ్రాములు ఉంటాయి. పీచు, ఫోలేట్, ఇనుము, మెగ్నీషియం కూడా దండిగా ఉంటాయి. అలసందలు, పెసలు, ఉలవలు కూడా ఇంచుమించు ఇంతే. పండిన శనగలన్నీ కోల్డ్ స్టోరేజీకి పంపేసి, బలం కోసం బయటి సరుకు కొనుక్కునే ఇళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

షుగర్ ఉన్నవారికి ఈ గింజల వల్ల అసలు లాభం ఏమిటంటే, వీటిలోని పిండిపదార్థం నెమ్మదిగా అరుగుతుంది. పీచు కూడా తోడవడంతో రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగదు. అయితే చాలామంది ఎప్పటిలాగే కంచం నిండా అన్నం తిని, దానిపైన గుగ్గిళ్లు తింటారు. అప్పుడు షుగర్ తగ్గకపోగా పెరుగుతుంది. ఒక గరిటె అన్నం తగ్గించి, ఆ స్థానంలో అర కప్పు ఉడికించిన శనగలు తినండి. మిగిలిన అన్నంతో కలిపి తింటే మరీ మంచిది. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం శనగల్లో ఎక్కువ. మీరు వాడేది గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర అయితే అన్నం ఒక్కసారిగా తగ్గించవద్దు. చక్కెర పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. ముందుగా మీ డాక్టరుకు చెప్పండి.

గింజలు పొట్టుతోనే తినాలి. శనగపిండి బజ్జీలు ఈ లెక్కలోకి రావు.

ఉబ్బరం విషయంలో మీ అత్తగారి మాట నిజమే. ఈ గింజల్లోని కొన్ని చక్కెరలు చిన్నపేగులో అరగవు. పెద్దపేగులోకి వెళ్లాక అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టడంతో గ్యాస్ పుడుతుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి కుక్కరులో వేళ్ల మధ్య నలిగేంత మెత్తగా ఉడికించండి. మొదటి వారం రెండు మూడు చెంచాలు చాలు, తర్వాత మెల్లగా పెంచండి. పేగులు అలవాటు పడతాయి. రాజ్మాను మాత్రం ఎప్పుడూ పలుకుగా దించవద్దు. సరిగా ఉడకని ఎర్ర రాజ్మాలో ఉండే లెక్టిన్ వల్ల వాంతులు, విరేచనాలు అవుతాయి.

మోకాళ్ల నొప్పులకు మాత్రం శనగలు కారణం కాదు. ఈ వయసులో ఆ నొప్పులు ఎక్కువగా కీళ్ల అరుగుదలతో, అధిక బరువుతో వస్తాయి. అత్తగారికి కూడా మెత్తగా ఉడికించి కొద్దిగా పెట్టండి, పళ్లు లేకపోతే మెదిపి ఇవ్వండి.

తినేముందు నిమ్మకాయ పిండుకుంటే గింజల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది, గంటైనా ఆగండి.

ఇంకో మాట. షుగర్ ఉన్నవారు ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించుకోవాలి. మీరు చేయించుకోకపోతే ఈ నెలలోనే చేయించండి. కిడ్నీ దెబ్బతిన్నట్టు తేలితే గింజలు ఎంత తినాలో మీ డాక్టరే నిర్ణయించాలి, నేను చెప్పిన కొలత అప్పుడు మీకు వర్తించదు.