కొత్త సిస్టమ్ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

నీ పెళ్లి ఫోటోల స్టూడియోలోని పాత కంప్యూటర్ సిస్టమ్ మార్చాలనుకుంటున్నావని తెలిసి, నువ్వు పంపిన మూడు కొటేషన్లూ చూశాను. మూడింటిలోనూ ప్రాసెసర్ పేరు పెద్ద అక్షరాలతో ఉంది. మానిటర్ దగ్గర మాత్రం "24 అంగుళాల ఎల్‌ఈడీ" అని రాసి ఊరుకున్నారు. గేములు ఆడే కుర్రాళ్ల కోసం తయారుచేసిన జాబితానే నీకూ ఇచ్చారని నా అనుమానం. డబ్బు దేనిమీద పెట్టాలో షాపువాళ్లకంటే నీ పాత సిస్టమే బాగా చెబుతుంది కనుక, ముందు అది ఎక్కడ ఆగుతోందో గమనించు.

ఈమధ్య చేసిన పెళ్లి ఫోల్డరు ఒకటి ఫోటోలు సరిదిద్దే లైట్‌రూమ్‌లో తెరిచి, ఫోటోషాప్‌లో ఒక ఆల్బమ్ షీటు కూడా పెట్టుకుని, ఏ భాగం మీద ఎంత భారం పడుతోందో చూపే టాస్క్ మేనేజరు పక్కన ఉంచి మామూలుగా పని చెయ్యి. ర్యామ్ నిండిపోయి డిస్కు ఊపిరాడక తిరుగుతుంటే కొరత ర్యామ్‌లో ఉన్నట్టు. ఎక్స్‌పోర్ట్ వేళ ప్రాసెసర్ నూటికి నూరు చూపిస్తూ గంటలు గడుస్తుంటే కొరత ప్రాసెసర్‌లో ఉన్నట్టు. రాత్రి రిసెప్షన్ ఫోటోల్లోని చుక్కల మచ్చలు పోగొట్టే డీనాయిజ్ నొక్కినప్పుడు మాత్రమే ఆగిపోతుంటే గ్రాఫిక్స్ కార్డు చాలడం లేదు. 2023లో లైట్‌రూమ్‌లోకి వచ్చిన ఆ ఏఐ డీనాయిజ్ దాదాపు పూర్తిగా ఆ కార్డు మీదే ఆధారపడుతుంది. డీనాయిజ్ రోజూ వాడేవాడివైతే 8 జీబీ మెమరీ ఉన్న కార్డు తీసుకో, వాడనివాడివైతే ఆ డబ్బు మిగుల్చుకో.

ర్యామ్ విషయంలో లెక్క వేసి చూపిస్తాను. మనం చేసే 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 3,600 × 10,800 పిక్సెళ్లు, అంటే 3 కోట్ల 88 లక్షల పైచిలుకు. పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున, షీటంతా పరుచుకున్న ఒక్క లేయరుకే (ఒకదానిమీద ఒకటి పేర్చే పొరల్లో ఒకదానికే) దాదాపు 117 ఎంబీ కావాలి. రంగుల వివరం ఎక్కువగా ఉంచే 16 బిట్‌లో చేస్తే దానికి రెట్టింపు. బ్యాక్‌గ్రౌండు, దాని మీద నీడలు, తలంబ్రాల ఫోటో, మాస్కులు, పైగా వెనక్కి వెళ్లడానికి హిస్టరీ, ఇవన్నీ కలిస్తే ఒక్క షీటే ఒకటి రెండు జీబీ తినేస్తుంది. అలాంటివి నాలుగు తెరిచి, వెనక లైట్‌రూమ్, బ్రౌజరు నడుపుతుంటే 16 జీబీ ఏ మూలకూ రాదు. 32 జీబీకి తగ్గవద్దు. 2025 చివరినుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కనుక పాత స్టిక్కులు వాడుకోవాలనిపిస్తుంది గానీ, పాత తరం డీడీఆర్4 స్టిక్కు కొత్త తరం డీడీఆర్5 బోర్డులో అసలు పట్టదు.

ప్రాసెసర్‌లో మధ్యశ్రేణిది, ఇటీవలి తరానిది చాలు. విండోస్, సాఫ్ట్‌వేర్లు, లైట్‌రూమ్ క్యాటలాగ్, ప్రస్తుతం పనిలో ఉన్న పెళ్లిళ్లు 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డిలో (హార్డ్ డిస్కుకంటే చాలా వేగమైన డ్రైవులో) ఉండాలి. అప్పగించేసిన పెళ్లిళ్లు హార్డ్ డిస్కులో ఉండవచ్చు, కానీ రెండు కాపీలుగా, అందులో ఒకటి స్టూడియోలో కాక ఇంట్లో.

ఇక మానిటర్. ఇక్కడ నేను పట్టుదలగా ఉంటాను. పక్కనుంచి చూస్తే రంగులు మారిపోయే చవకరకం టీఎన్ ప్యానెల్ ముందు కూర్చుని తల కాస్త వంచితే పెళ్లికూతురి ముఖం పసుపునుంచి బూడిదరంగుకు మారుతుంది. ఆమె జడలోని కనకాంబరాలకూ చీర ఎరుపుకూ తేడా చెరిగిపోతుంది. అలాంటి తెరమీద చేసిన కలర్ కరెక్షన్ గుడ్డిలెక్కే. 27 అంగుళాలు, 2560×1440, ఏ పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని ఐపీఎస్ ప్యానెల్, ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల శ్రేణిని నూటికి నూరుకు దగ్గరగా చూపగలది తీసుకో. అంతకంటే విస్తారమైన రంగులు చూపే ఖరీదైన తెర మనకు అవసరం లేదు. ఆల్బమ్ ల్యాబులు చాలావరకు ఎస్‌ఆర్‌జీబీ ఫైళ్లే అడుగుతాయి, పైగా రంగుల ప్రొఫైలు సరిగా పెట్టకపోతే ఆ తెరమీద ఎరుపు రంగు మండిపోతున్నట్టు కనబడుతుంది. కొన్న తరువాత బ్రైట్‌నెస్ బాగా తగ్గించు. షాపునుంచి వచ్చినప్పుడు తెర వెలుగు 250 నిట్లో (నిట్ అంటే తెర వెలుగు కొలత), అంతకంటే ఎక్కువో ఉంటుంది. ప్రింటు కోసం చేసే పనికి 100 నుంచి 120 సరిపోతుంది. ఆల్బమ్ నల్లగా వచ్చిందని పార్టీవాళ్లు గొడవ పెట్టుకున్నప్పుడు ల్యాబును తిడతాం గానీ, చాలాసార్లు తప్పు మన తెర వెలుగుదే. తెర రంగులు కొలిచి సరిచేసే క్యాలిబ్రేటరు ఒక్కడివే కొననక్కర్లేదు, మీ ఊరి స్టూడియోవాళ్లు నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి.

మ్యాక్ తీసుకుంటే ఎలా ఉంటుందని అడిగావు. యంత్రం మంచిదే, తక్కువ కరెంటుతో నిశ్శబ్దంగా పనిచేస్తుంది. కానీ దాని ర్యామ్ తరువాత పెంచుకోవడం కుదరదు, కొన్నరోజే నిర్ణయించుకోవాలి. నీ పాత టైటిల్ పీఎస్‌డీలన్నీ (ఫోటోషాప్ ఫైళ్లన్నీ) అను అనే తెలుగు ఫాంట్లతో చేసినవి. ఆ ఫాంట్లతో టైపు చేయడానికి నువ్వు వాడే అను స్క్రిప్ట్ మేనేజరు విండోస్ కోసం చేసినది. ఆ ఒక్క కారణంతోనే నీకు విండోస్ చెబుతున్నాను.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్ చేయించినా, మీ ఊళ్లో చేయించినా, ప్రతి భాగానికీ సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు తీసుకో. వారంటీ భాగాలవారీగా వేరువేరుగా ఉంటుంది. యూపీఎస్ 1 కేవీఏకు తగ్గకుండా చూసుకో, షీటు సేవ్ అవుతుండగా కరెంటు పోతే ఫైలే చెడిపోవచ్చు.

మార్పిడి మాత్రం ముహూర్తాల మధ్యలో పెట్టుకోవద్దు. మూఢం వచ్చినప్పుడు చెయ్యి. ఫాంట్లు, ప్రీసెట్లు, బ్రష్షులు, క్యాటలాగ్ అన్నీ కొత్తదానిలోకి తెచ్చి, ఒక ఆల్బమ్ మొదటినుంచి చివరివరకు చేసి ల్యాబుకు పంపి చూసేదాకా పాతదాన్ని అమ్మవద్దు. పాతదానిలో ఉన్న విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది కనుక, అప్పటిదాకా ఆ సిస్టమ్‌ను నెట్‌కు కలపకుండా ఫోటోల సెలెక్షన్‌కు వాడుకో.

కొటేషన్ మళ్లీ రాయించి పంపు. ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) కంపెనీ, వాట్లు, మానిటర్ మోడల్ నంబరు అందులో తప్పకుండా రాయమను.

ఇట్లు,
మామయ్య