సొరుగులు బయటికి లాగి చూశాకే ధర మాట్లాడండి

విశాఖపట్నం సీతమ్మధారలో కొత్తగా తీసుకున్న ఫ్లాటు కోసం పాత టేకు సొరుగుల బీరువా కొనాలనుకుంటున్నామనీ, వన్‌టౌన్‌లో కూల్చబోతున్న ఒక పాత ఇంట్లో అయిదు సొరుగుల బీరువాను చూశామనీ, దాని మూడో సొరుగు గట్టిగా పట్టేసి ఉందనీ మీరు రాశారు. అది నిజంగా పాతదేనా, మన సముద్రపు గాలికి నిలుస్తుందా, అందులో పట్టుచీరలు పెట్టుకోవచ్చా అని అడిగారు. మా అత్తగారి పుట్టింటి నుంచి వచ్చిన అలాంటి బీరువానే లాసన్స్ బే కాలనీలోని మా ఇంట్లో ఇరవై ఆరేళ్లుగా వాడుతున్నాను. నా అనుభవంలోకి వచ్చిన సంగతులను వివరంగా రాస్తున్నాను.

పాత బీరువా కొనడానికి వెళ్లినవారి చూపు ముందుగా పై పలక నునుపు మీదా, ఇత్తడి పిడుల మెరుపు మీదా పడుతుంది. ఆ రెండింటినీ ఒక్క రోజులో తెప్పించవచ్చు. వయసూ పనితనమూ తెలిసేది సొరుగులలోనే. ఒక్కొక్క సొరుగునూ పూర్తిగా బయటికి లాగి, పగటి వెలుతురులో బోర్లించి చూడండి. ముందు పలకా పక్క పలకా కలిసే మూల దగ్గర, రెండు చేతుల వేళ్లు పెనవేసుకున్నట్టు ఒకదానిలో ఒకటి దూరిన అతుకు ఉంటుంది. దీనిని డవ్‌టెయిల్ అంటారు. చేత్తో కోసినదైతే ఆ పళ్లన్నీ ఒకే వెడల్పులో ఉండవు, కొలత కోసం వడ్రంగి గీసుకున్న సన్నని గీత కూడా చాలాసార్లు పక్కనే చెరగకుండా కనిపిస్తుంది. యంత్రం కోసిన పళ్లు అచ్చు గుద్దినట్టు సమానంగా ఉంటాయి. తరువాత అడుగు పలక మీద అరచేతిని అడ్డంగా, నెమ్మదిగా నడిపించండి. చేతి చిత్రిక పట్టిన పలకైతే కంటికి ఆనని చిన్న చిన్న మిట్టపల్లాలు చేతికి తగులుతాయి. వంపు తిరిగిన గీతలు వరసగా కనిపిస్తే అవి యంత్రపు గుండ్రటి రంపం వదిలిన గుర్తులు. తలమీద ప్లస్ ఆకారపు గాడి ఉన్న స్క్రూలు 1930ల తరువాతే వాడుకలోకి వచ్చాయి కాబట్టి, అవి కనిపిస్తే బీరువా అయినా అంతకంటే కొత్తదై ఉండాలి, లేదా మధ్యలో ఎవరో మరమ్మతు చేయించి ఉండాలి. మరమ్మతు తప్పేమీ కాదు, కానీ అమ్మేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

మా బీరువాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన గుర్తు ఒకటుంది. ప్రతి సొరుగు వెనుక పలక మీదా ఉలితో కొట్టిన గాట్లు ఉన్నాయి: పై సొరుగుకు ఒకటి, దాని కింది సొరుగుకు రెండు, అలా అయిదు వరకు. బీరువా లోపల, ఆయా సొరుగులు కూర్చునే చోట్ల కూడా అవే గాట్లు ఉన్నాయి. చేత్తో చేసిన సొరుగు ఏ గూటికి అమర్చారో ఆ గూటిలోనే సాఫీగా నడుస్తుంది, ఎత్తు సరిపోయినంత మాత్రాన పక్క గూటిలో అలా నడవదు. తుడిచి పెట్టేటప్పుడు మా పనమ్మాయి రెండు సొరుగులను తారుమారు చేసిన రోజున అవి గీరుకుంటుంటే, ఎందుకో తెలుసుకోవాలని వెతికినప్పుడే ఆ గాట్లు నా కంటపడ్డాయి.

వయసు గురించి అమ్మేవారు చెప్పే మాటకు ఎక్కువ ధర పెట్టకండి. మన దేశపు చట్టం, అంటే 1972 నాటి పురావస్తువుల చట్టం, ఇలాంటి వస్తువులకు కనీసం వంద ఏళ్ల వయసు ఉంటేనే పురావస్తువుగా లెక్కిస్తుంది. అరవై ఏళ్ల నాటి బీరువాకు ఆ పేరు లేకపోయినా, చేవ, అంటే మాను మధ్యలోని గట్టి కర్ర, ఉన్న టేకుతో చేసినదైతే నేను దానినే ఎంచుకుంటాను. మన ఊరికి ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉంది. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివారు రోజ్‌వుడ్ మీద, నల్లచేవ (ఎబొనీ) మీద ఏనుగు దంతాన్ని పొదిగి, దానిపై చెక్కిన గీతలలో నల్లటి లక్క నింపి, పెట్టెలూ బల్లలూ బీరువాలూ చేసేవారు. వాటిలో కొన్ని ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ పేరు చెప్పి ఎవరైనా దంతం పొదిగిన వస్తువు అమ్మజూపితే మాత్రం ముట్టుకోకండి, ఏనుగు దంతం క్రయవిక్రయాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది.

పురుగు సంగతి తప్పకుండా చూసుకోండి. గుండుసూది తల అంత రంధ్రాలు కనిపించగానే భయపడనక్కరలేదు, అవి ఎప్పుడో ముగిసిపోయిన తెగులువి కావచ్చు. బీరువా కింద నల్లటి గుడ్డ పరిచి వారం రోజులు ఉంచమని అడగండి. గుడ్డ మీద పిండిలాంటి కొత్త పొడి రాలితే పురుగు లోపల ఇంకా బతికే ఉన్నట్టు. టేకు చేవను పురుగు సులభంగా ముట్టదు, అంచుల్లో మిగిలిపోయిన తెల్లకర్రనే తొలుస్తుంది, అందుకని వెనుక పలకలను కూడా చూడాలి. బీరువాకు పాత రంగు వేసి ఉంటే దానిని ఉప్పు కాగితంతో పొడిగా రుద్దించకండి. ఇంటి రంగులలో సీసానికి మన దేశంలో 90 పీపీఎం (పది లక్షల భాగాలకు 90 భాగాలు) పరిమితి 2017లోగానీ అమలులోకి రాలేదు, పాత రంగుల పొడిలో సీసం ఉండవచ్చు, అది పసిపిల్లలకు హాని చేస్తుంది.

ఇక సముద్రపు గాలి. ఉప్పు గాలి దెబ్బతీసేది ముఖ్యంగా ఇనుప మేకులనూ తాళాలనూ. కర్రను ఇబ్బంది పెట్టేది గాలిలోని తేమ. కర్ర పొడవునా దాదాపు సాగదు, అడ్డంగా ఉబ్బుతుంది. అందువల్ల వానాకాలంలో సొరుగు పక్క పలకల ఎత్తు పెరిగి, పైన పట్టేస్తుంది. ఈ సంగతి తెలియక నేను ఒక తప్పు చేశాను. బీరువా మా ఇంటికి వచ్చిన మొదటి శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు, వెండి సామాను పెట్టిన పై సొరుగు ఎంత లాగినా రాలేదు. వడ్రంగిని పిలిపిస్తే ఆయన దానిని ఎలాగో ఊడదీసి, పక్క పలకల పై అంచును రెండు మూడు మిల్లీమీటర్లు చిత్రిక పట్టి వెళ్లారు. ఆ పూటకు సొరుగు హాయిగా నడిచింది. సంక్రాంతి నాటికి గాలి పొడిబారగానే కర్ర కుదించుకుని, పైన వేలు దూరేంత సందు ఏర్పడింది. ముందుకు లాగితే సొరుగు తల వాల్చేస్తోంది, లోపలికి దుమ్ము చేరుతోంది. తీసేసిన కర్రను తిరిగి తెచ్చుకోలేము కదా. చివరకు ఆ అంచులకు సన్నని టేకు పట్టీలు అతికించుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి వానాకాలంలో సొరుగు పట్టేస్తే, అది నడిచే పట్టీల మీద కొవ్వొత్తి రుద్దడం తప్ప ఇంకేమీ చేయించడం లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా పడకగది కిటికీ అద్దాలు పగిలి, వాన నేరుగా బీరువా మీద కొట్టింది. అదే గదిలో ఉన్న కొత్త పార్టికల్ బోర్డు (కర్ర పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) వార్డ్‌రోబ్ నాలుగు రోజుల్లో అటుకుల్లా ఉబ్బి విడిపోయింది. బీరువా సొరుగులన్నీ తీసి, వరండాలో ఇటుకల మీద నీడలో ఆరబెట్టాము. కరెంటు లేక ఫ్యాను కూడా వేయలేకపోయాము, పది రోజులకు అవి తమంతట తామే ఆరాయి. నాలుగు సొరుగులు చెక్కుచెదరలేదు. అయిదో సొరుగు అడుగు పలక మాత్రం నిలువునా చీలింది, ఎందుకంటే ఎవరో పాత మరమ్మతులో దానిని నాలుగు వైపులా మేకులతో బిగించేశారు. అడుగు పలక గాడిలో కదలగలిగేలా ఉండి, వెనుక మాత్రమే మేకు పడాలి. మీరు చూసిన బీరువాలో ఇది తప్పక గమనించండి.

తడికి మా బీరువా పై పలక తెల్లబారింది. లక్క పాలిష్ తేమకు అలాగే తెల్లబడుతుంది. పాలిష్ పని తెలిసినవారు స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తేలికగా తుడిచేసరికి మళ్లీ రంగు తేలింది. ఆ పని మీరే చేయబోకండి, స్పిరిట్ కాస్త ఎక్కువైతే పాలిష్ కరిగి ఊడి వస్తుంది. ఇత్తడి పిడులను చింతపండుతో తోమాలనుకుంటే ముందు వాటిని ఊడదీయండి, లేకపోతే ఆ పులుపు చుట్టూ ఉన్న కర్రకు మచ్చ వేస్తుంది. మాకు ఒక పిడి పోతే, ఏటికొప్పాక పనివారి చేత అంకుడు కర్రతో లక్క పూసిన పిడి చేయించుకున్నాము. మిగతావాటితో అది పోలకపోయినా నాకు అదే అందంగా అనిపిస్తుంది.

పట్టుచీరలు నిస్సందేహంగా పెట్టుకోవచ్చు. కర్రకు నేరుగా తగలకుండా, ఉతికిన పాత మల్లు పంచెలో చుట్టి పెట్టండి, మూడు నెలలకొకసారి మడతలు మార్చండి. వార్తాపత్రికలు పరచవద్దు, వాటి సిరా అంటుకుంటుంది. కలరా ఉండలకు బదులు నేను వట్టివేరు ఉంచుతాను. బీరువాను గోడకు రెండంగుళాలు ఎడంగా పెట్టండి, ఏసీ గాలి సూటిగా తగిలే చోట వద్దు. ఇల్లు తడిగుడ్డ పెట్టినప్పుడు నీరు పీల్చుకోకుండా కాళ్ల కింద రబ్బరు బిళ్లలు వేయండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే, బీరువాను పైభాగంలో గోడకు ఇనుప క్లిప్పులతో తప్పనిసరిగా బిగించండి. రెండు మూడు సొరుగులు ఒకేసారి లాగి, వాటి మీద పిల్లవాడు కాలు పెడితే ఎంత బరువైన బీరువా అయినా ముందుకు పడుతుంది.

మీ మూడో సొరుగు విషయానికి వస్తే, ముందు దాని వెనుక గాట్లు ఉన్నాయేమో చూడండి. పక్క సొరుగుతో తారుమారై ఉండవచ్చు, ఎత్తులు సమానమైతే మూడునూ నాలుగునూ మార్చి పెట్టి చూడండి. అప్పటికీ నడవకపోతే కొవ్వొత్తి రుద్ది సంక్రాంతి వరకు వాడుకోండి, అప్పుడు కూడా పట్టేస్తేనే వడ్రంగిని పిలిచి, సొరుగును కాకుండా అది నడిచే పట్టీని ముందుగా చూడమనండి. సొరుగు కంటే పట్టీయే ముందు అరుగుతుంది, దానిని మార్చడం కూడా తేలిక.