పాత చెరొకీకి లిఫ్ట్ చేయించాలనుకునే మన రాయగడ, జయపురం తమ్ముళ్లకి

మనవైపు నుంచి కొత్తగా అమెరికా వచ్చిన కుర్రాళ్లు ఈ మధ్య ఇదే అడుగుతున్నారు, అన్నా పాత జీప్ చెరొకీ చవగ్గా దొరికింది, లిఫ్ట్ చేసి బండి ఎత్తు పెంచుదామనుకుంటున్నా, ఏ కిట్ కొనాలి అని. సుంకి ఘాట్‌లో కమాండర్ జీపు వెనకాల వేలాడుతూ పెరిగినోళ్లం, ఆ మోజు ఎక్కడికి పోద్ది. కానీ కిట్ పేరు తర్వాత, ముందు టేపు పట్టుకుని బండి దగ్గరికెళ్లండి.

చక్రం నడిమధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా నాలుగు చక్రాలకీ కొలిచి రాసుకోండి. మీరు కొనే ఆ పాత చెరొకీని ఎక్స్‌జే మోడల్ అంటారు, అది ఇక్కడ 2001తో ఆగిపోయింది, అంటే ఎంత కొత్తదైనా ఇరవై ఏళ్లు దాటిన బండే, వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) చాలావాటికి చదునైపోయుంటాయి, కొన్నిటికి వంపు తిరగబడి కూడా ఉంటది. అంటే మీరు లిఫ్ట్ అనుకునేదాంట్లో కొంత భాగం కంపెనీ ఇచ్చిన ఎత్తు తిరిగి తెచ్చుకోవడమే.

అందుకే డబ్బులు తక్కువుంటే మొదట వెనక కట్టల మీదే పెట్టండి. యాడ్-ఎ-లీఫ్ అని ఒక పట్టీ అమ్ముతారు, చవకే, కానీ అలిసిపోయిన కట్టలో ఒక బిరుసు పట్టీ దూర్చితే బండి ఎగిరెగిరి పడుద్ది, కొన్నాళ్లకి మళ్లీ కుంగుద్ది. మనూళ్లో అయితే కమాన్ మేస్త్రీ పట్టీలు కాల్చి వంపు కొట్టి ఇచ్చేస్తాడు, ఇక్కడా స్ప్రింగ్ షాపులున్నాయి గాని కూలి వింటే కొత్త కట్ట కొనడమే నయమనిపిస్తది. చేతిలో పని ఉన్నోళ్లు జంక్‌యార్డ్‌లో షెవీ ఎస్-10 పికప్ కమాన్లు తెచ్చి, చివర్ల గుండ్రటి చెవులు కోసేసి చెరొకీ కట్టలో కలుపుతారు, చవకంటే అదీ చవక, కాకపోతే మొదటి ఏడాదే ఆ పని పెట్టుకోకండి.

ముందు వైపు కాయిల్ స్ప్రింగులు కాబట్టి వాటి మీద ఎత్తు పెంచే దిమ్మలు, అదే స్పేసర్లు, పెట్టొచ్చు, కాయిల్ గట్టిగా ఉంటే 2 అంగుళాల లోపు పర్లేదు. ఒక స్పేసర్ మీద ఇంకోటి మాత్రం పెట్టకండి. షాకులు (షాక్ అబ్సార్బర్లు) పాతవే ఉంచేస్తాం అంటారు, అదేటి, బండి లేచాక పొట్టి షాకు నిండా సాగిపోయి గుంత దిగినప్పుడల్లా టక్ టక్ కొడతది, కాబట్టి కిట్ ధర చూసేటప్పుడు పొడుగు షాకులు కలిపి ఉన్నాయో లేదో చూడండి.

ఎంత ఎత్తు అంటే నా మాట 3 అంగుళాలు, అక్కడితో ఆపేయండి. అది దాటితే ఖర్చు కిట్‌తో ఆగదు. ముందు ఇరుసుని అడ్డంగా పట్టుకునే ట్రాక్ బార్ పొడుగు మారదు కదా, బండి లేచేకొద్దీ ఇరుసు డ్రైవర్ పక్కకి జరుగుద్ది, దాన్ని నడిమికి తేవడానికి అడ్జస్టబుల్ బార్ కొనాలి, వెనక డ్రైవ్‌షాఫ్ట్ కోణం పెరిగి బండంతా వణుకుద్ది, దానికి ముందు వెనక ఇరుసులకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌ని కాస్త దించాలి లేదా దానికి డ్రైవ్‌షాఫ్ట్ కలిసే స్లిప్ యోక్ మార్చాలి, అది కిట్ కన్నా ఎక్కువ ఖర్చయినా ఆశ్చర్యపోకండి. 3 అంగుళాల లిఫ్ట్‌కే 31 అంగుళాల టైర్లు వేస్తున్నారు చాలామంది, ఫెండర్ కొంచెం కోసుకోవాల్సొస్తది. లిఫ్ట్ ఎత్తు మీద ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూలు, మీ రాష్ట్రానిది చూసుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పేయండి. అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల దించుడు ఎలాగూ తప్పవు.

మధ్యలో ఒక మాట, ఊళ్లో నాన్నగారి బొలెరోకి కూడా ఇలాగే చేయిద్దాం అనకండి, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని చెప్పింది.

పని మీరే చేసుకునేటట్టయితే, చలి రాష్ట్రాల్లో రోడ్డు మీద ఉప్పు చల్లుతారు కాబట్టి వెనక షాకుల పై బోల్టులు తుప్పు పట్టి తిప్పగానే తల ఊడిపోతాయి, రెండ్రోజుల ముందు నుంచే తుప్పు వదిలే ఆయిల్ కొడుతూ ఉండండి. స్టాండ్లు పెట్టకుండా ఉత్త జాకీ మీద నిలబెట్టి కిందకి దూరొద్దు. ఇరుసుని కమాన్‌కి బిగించే యూ-బోల్టులు కొత్తవే వాడండి, రబ్బరు బుష్‌ల బోల్టులు మాత్రం బండి చక్రాల మీద నిలబడ్డాకే ఫుల్ టైట్ చేయండి, గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుద్ది. ఓ వంద మైళ్లు తిరిగొచ్చాక అన్నీ మరోసారి పానా పెట్టి చూడండి.